యూరప్‌లో నోటరీ, ఊళ్ళో దస్తావేజు

సమాఖ్య వార్షికోత్సవ సభలో న్యాయ సలహా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం



నూలు ధర, పవర్‌లూమ్ కరెంటు బిల్లు, పిల్లల సంబంధాలు మాట్లాడుకునే సభలో యూరప్ నోటరీల సంగతి ఎందుకయ్యా అని మీలో కొందరికి అనిపించవచ్చు. కారణం ఉంది. గత కొన్నేళ్ళుగా మా దగ్గరికి కాగితాలు పట్టుకొచ్చే కుటుంబాల్లో మగ్గం తగాదాలు తగ్గాయి, పాస్‌పోర్టు తగాదాలు పెరిగాయి. తాత కట్టిన ఇల్లు సోలాపూర్‌లో ఉంటుంది. పెద్దవాడు మ్యూనిక్‌లో, అమ్మాయి ఆమ్‌స్టర్‌డామ్‌లో, చిన్నవాడు డబ్లిన్‌లో. ఇల్లు అమ్మాలంటే ముగ్గురి సంతకాలు కావాలి. లేదా, వినడానికి బాధగా ఉన్నా చెప్పక తప్పదు, అక్కడ ఉన్న పిల్లవాడికి జరగరానిది జరిగితే వాడి బ్యాంకు డబ్బు, వాడు కొనుక్కున్న ఫ్లాటు ఎవరికి వస్తాయి? ఇక్కడ ఉన్న తల్లికి ఏమైనా వస్తుందా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పేది అక్కడ చాలా దేశాల్లో నోటరీయే. అందుకని ఆ నోటరీ ఎవరో, ఆయన ఏ చట్టం చూసి పని చేస్తాడో మనకి తెలియాలి.

ముందు మాట విషయం తేల్చుకుందాం. నోటరీ అనగానే మన కళ్ళ ముందుకి వచ్చేది కోర్టు బయట చెట్టు కింద బల్ల, నల్లకోటు, గుండ్రటి ముద్ర, ఎర్ర సీలు, ఒక రిజిస్టరు. మన దేశంలో 1952 నోటరీల చట్టం కింద కొన్నేళ్ళ అనుభవం ఉన్న వకీలును కేంద్ర ప్రభుత్వమో రాష్ట్ర ప్రభుత్వమో నోటరీగా నియమిస్తుంది. ఆయన ముఖ్యంగా చేసేది ధ్రువీకరణ. సంతకం పెట్టింది ఫలానా మనిషే, ఈ నకలు అసలుకు సరిపోయింది అని ముద్ర వేస్తాడు. లోపల రాసిన విషయం మంచిదా చెడ్డదా అన్నది మామూలుగా ఆయన బాధ్యత కాదు. ఇల్లు అమ్మితే డాక్యుమెంట్ రైటర్ దగ్గర రాయించి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరు చేయిస్తాం. నోటరీ ముద్రతో ఇల్లు చేతులు మారదు.

ఫ్రాన్సు, జర్మనీ, ఇటలీ, స్పెయిన్, పోలండ్, నెదర్లాండ్స్ వంటి చోట్ల కథ వేరు. అక్కడి నోటరీ అంటే మన డాక్యుమెంట్ రైటరు, వకీలు, సగం సబ్ రిజిస్ట్రారు ముగ్గురూ ఒకే మనిషిలో ఉన్నట్టు. ప్రభుత్వం నియమిస్తుంది. దస్తావేజు ఆయనే రాస్తాడు, రెండు పక్షాలకూ సమానంగా సలహా చెప్పాలి, అసలు పత్రం తన దగ్గరే భద్రపరచి మనకి నకళ్ళు ఇస్తాడు. ఫ్రాన్సులో నోటరీ ఆ అసళ్ళను 75 ఏళ్ళు దాచి, తర్వాత ప్రభుత్వ పురావస్తు భాండాగారానికి అప్పగిస్తాడు. ఈ వ్యవస్థకు పునాది 1803లో వచ్చిన చట్టం. ఫ్రెంచి విప్లవ క్యాలెండరు లెక్కలో దాన్ని పదకొండో సంవత్సరం వాంతోజ్ నెల చట్టం అంటారు. రెండు వందల ఏళ్ళు దాటినా ఆ పేరు ఇంకా వాడుకలో ఉంది.

జర్మనీలో ఒక పద్ధతి మాకు బాగా నచ్చింది. ఇల్లు కొనుగోలు దస్తావేజు అయితే నోటరీ దాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా పక్షాల ఎదుట పైకి చదివి వినిపించాలి. ఇది మర్యాద కోసం చేసేది కాదు, చట్టం పెట్టిన షరతు. చదవకపోతే ఆ పత్రం చెల్లదు. వచ్చినవాళ్ళలో ఒకరికి జర్మన్ రాకపోతే ఆమెకి అర్థమయ్యే భాషలోకి అనువదించి చెప్పాలి. మన ఊళ్ళో ఎంతమంది ఆడబిడ్డలు "ఇక్కడ సంతకం పెట్టు తల్లీ" అంటే పెట్టేశారో మీకూ తెలుసు, మాకూ తెలుసు. ఆ సంగతికి తర్వాత వస్తాం.

ఇలాంటి నోటరీల సంఘాలు దేశదేశాల్లో ఉన్నాయి. అవన్నీ కలిసి 1948లో అర్జెంటీనాలోని బ్యూనస్ ఐరీస్‌లో అంతర్జాతీయ నోటరీల సమాఖ్యను పెట్టుకున్నాయి. యూరోపియన్ యూనియన్ వరకు 1993 నుంచి బ్రస్సెల్స్ కేంద్రంగా యూరప్ నోటరీ మండళ్ళ సమాఖ్య పని చేస్తోంది. 27 సభ్య దేశాల్లో 22 దేశాల నోటరీ వ్యవస్థలు అందులో ఉన్నాయి. లేనివి ఐర్లండ్, సైప్రస్, డెన్మార్క్, స్వీడన్, ఫిన్లండ్. ఐర్లండ్ పేరు గుర్తు పెట్టుకోండి, మన పిల్లలు చాలామంది వెళ్ళేది అక్కడికే. అక్కడ ఆస్తి పనులు చూసేది సొలిసిటర్లు, వీలునామా వ్యవహారం ప్రొబేట్ పద్ధతిలో నడుస్తుంది. మనకి బ్రిటిష్‌వాళ్ళ నుంచి వచ్చిన పద్ధతికి దగ్గర.

సమాఖ్య అంటే మనకి తెలిసిందే. మనం కూడా అయిదు రాష్ట్రాల సంఘాలను ఒకచోట కూర్చోబెట్టడానికి ఎన్ని ఏళ్ళు తంటాలు పడ్డామో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. వాళ్ళ తంటాలు ఇంకా పెద్దవి. ఒక దేశం నోటరీ రాసిన పత్రాన్ని పక్క దేశం నోటరీ నమ్మాలంటే ఆ పత్రం నిజమైనదా, ఆ దేశ చట్టం ఏం చెబుతుంది అని అడిగి తెలుసుకునే దారి ఉండాలి. అందుకని 2007లో ఒక నెట్‌వర్క్ పెట్టుకున్నారు. ప్రతి దేశంలో ఒక నోటరీ ప్రతినిధి ఉంటాడు. లిస్బన్‌లో ఒక నోటరీకి పోలండ్ చట్టం గురించి సందేహం వస్తే ఆ ప్రతినిధి ద్వారా అడుగుతాడు. వీలునామాల రిజిస్టర్లను కూడా దేశాల మధ్య కలుపుతూ వచ్చారు. జర్మనీలో 2012 నుంచి నోటరీల కేంద్ర మండలి నడిపే వీలునామాల రిజిస్టరు ఉంది, ఫ్రాన్సులో అంతకంటే పాతది ఉంది. మనిషి పోయాక ఎక్కడో వీలునామా ఉందా లేదా అని బీరువాలు వెతుక్కోనక్కర్లేదు.

నోటరీ ప్రభుత్వ మనిషా, వృత్తి మనిషా అనే తగాదా కూడా అక్కడ నడిచింది. బెల్జియం, ఫ్రాన్సు, లక్సెంబర్గ్, ఆస్ట్రియా, జర్మనీ, గ్రీస్ దేశాలు తమ పౌరులే నోటరీ కావాలని నియమం పెట్టుకున్నాయి. నోటరీ పని ప్రభుత్వాధికారంలో భాగం, పరాయి పౌరుడికి ఎలా ఇస్తాం అని వాదించాయి. 2011 మే 24న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ఆ వాదన ఒప్పుకోలేదు. నోటరీ పని ప్రజాహితమైనదే, కానీ పౌరసత్వం షరతు పెట్టేంత ప్రభుత్వాధికారం అందులో లేదు అని తేల్చింది. అంటే యూనియన్‌లోని ఏ సభ్య దేశం పౌరుడైనా మిగతా అర్హతలు ఉంటే పక్క దేశంలో నోటరీ కావచ్చు. మన పిల్లల్లో అక్కడ లా చదువుతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ తీర్పు చదవమని చెప్పండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం.

2012లో యూరోపియన్ యూనియన్ వారసత్వం మీద ఒక నిబంధన చేసింది. దాని సంఖ్య 650. 2015 ఆగస్టు 17న గానీ ఆ తర్వాత గానీ పోయినవాళ్ళకు అది వర్తిస్తుంది. డెన్మార్క్, ఐర్లండ్ అందులో చేరలేదు. బ్రిటన్ యూనియన్‌లో ఉన్నప్పుడూ చేరలేదు. మిగతా దేశాల్లో ఉన్న మన పిల్లలకు ఇది వర్తిస్తుంది, వాళ్ళది ఇండియా పాస్‌పోర్టు అయినా సరే.

ఆ నిబంధనలో మూల సూత్రం ఒక్కటే. మనిషి పోయేనాటికి ఎక్కడ స్థిరంగా నివసిస్తున్నాడో ఆ దేశ చట్టం ప్రకారం అతని ఆస్తి పంచాలి. స్థిర నివాసం అంటే పాస్‌పోర్టు కాదు, వీసా కాలం కూడా కాదు. ఎన్నేళ్ళున్నాడు, కుటుంబం ఎక్కడుంది, జీవితం ఎక్కడ అల్లుకుంది అని మొత్తం చూసి నిర్ణయిస్తారు. చదువుకోవడానికి వెళ్ళి ఏడాదైన పిల్లవాడి సంగతి వేరు, పదేళ్ళుగా భార్యాపిల్లలతో స్టుట్‌గార్ట్‌లో ఉన్నవాడి సంగతి వేరు.

ఇక్కడ ఒక తల్లిని ఊహించుకోండి. నూలు వడికి, కండెలు చుట్టి, గాజులు తాకట్టు పెట్టి కొడుకుని జర్మనీ పంపింది. కొడుక్కి పెళ్ళైంది, ఒక బిడ్డ. వీలునామా ఏమీ రాయలేదు. ఒకరోజు వాడు పోయాడు. మన 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం మగవాడు వీలునామా లేకుండా పోతే భార్య, పిల్లలు, తల్లి ముగ్గురూ మొదటి తరగతి వారసులు. తలా ఒక వాటా. అంటే ఈ తల్లికి మూడింట ఒక వంతు. కానీ వాడు స్థిరంగా ఉన్నది జర్మనీలో. జర్మన్ చట్టం ప్రకారం బిడ్డ ఉంటే తల్లిదండ్రుల వరకు వాటా రాదు. మామూలు వైవాహిక ఆస్తి పద్ధతిలో భార్యకు సగం, బిడ్డకు సగం. తల్లికి సున్నా. ఫ్రాన్సులోనూ బిడ్డలుంటే తల్లిదండ్రులకు వారసత్వం లేదు.

కోడల్ని తప్పు పట్టకండి. ఆమె తీసుకున్నది కాదు, చట్టం ఇచ్చింది. ఆ చిన్న బిడ్డకూ జీవితం ఉంది. ఏ చట్టం న్యాయం, ఏది అన్యాయం అని మేము ఇక్కడ తీర్పు చెప్పడం లేదు. కొడుకు మనసులో తల్లికి కొంత ఇవ్వాలని ఉంటే అది కాగితం మీద ఉండాలి అన్నదే మా మాట.

పెళ్ళి కాని కొడుకు విషయంలో లెక్క తిరగబడుతుంది. మన చట్టంలో తల్లి మొదటి తరగతి వారసురాలు, తండ్రి రెండో తరగతి. భార్యాపిల్లలు లేకుండా పోయిన కొడుకు ఆస్తి అంతా తల్లికే, తండ్రికి ఏమీ రాదు. జర్మన్ చట్టంలో తల్లిదండ్రులిద్దరూ బతికుంటే చెరి సగం. నాన్నగార్లు ఎవరైనా ఈ మాట మొదటిసారి వింటుంటే ఆశ్చర్యపోకండి, మన చట్టం అంతే.

మరి కొడుకు మన చట్టమే వర్తించాలని కోరుకోవచ్చా? కోరుకోవచ్చు. ఆ నిబంధనలో 22వ అధికరణం ఒక వెసులుబాటు ఇచ్చింది. తన పౌరసత్వం ఏ దేశానిదో ఆ దేశ చట్టం తన వారసత్వానికి వర్తించాలని మనిషి ముందే ఎంచుకోవచ్చు. అయితే అది నోటిమాటగా చెల్లదు, వీలునామా రూపంలో ఉండాలి.

ఇది యూరప్ పౌరులకేనా, మనలాంటి బయటి దేశాలవాళ్ళకు కూడానా అనే సందేహం కొన్నాళ్ళు ఉంది. ఒక ఉక్రెయిన్ పౌరురాలు పోలండ్‌లో ఉంటోంది. అక్కడ ఒక ఫ్లాటులో వాటా ఉంది. వీలునామా రాస్తూ తనకు ఉక్రెయిన్ చట్టం వర్తించాలని రాయమంది. నోటరీ ఆఫీసువాళ్ళు కుదరదన్నారు. వ్యవహారం లక్సెంబర్గ్‌లోని యూనియన్ న్యాయస్థానం దాకా పోయింది. 2023 అక్టోబరు 12న తీర్పు వచ్చింది. యూనియన్ బయటి దేశపు పౌరుడు కూడా సభ్య దేశంలో నివసిస్తుంటే తన దేశ చట్టాన్ని ఎంచుకోవచ్చు అన్నారు. ఆ రెండు దేశాల మధ్య ముందునుంచీ ఒప్పందం ఉండి, అందులో వేరే రాసి ఉంటే ఆ ఒప్పందానిదే పైచెయ్యి అని కూడా అన్నారు. ఒక ఫ్లాటులో వాటా ఉన్న మామూలు మనిషి పెట్టిన కేసు అది. దాని వల్ల ఇవాళ బెర్లిన్‌లో ఉన్న మన పిల్లవాడు కూడా ధైర్యంగా నోటరీని అడగగలడు.

పౌరసత్వం మార్చుకునేవాళ్ళు ఇక్కడ జాగ్రత్తగా వినాలి. ఇండియా ద్వంద్వ పౌరసత్వం ఒప్పుకోదు. జర్మన్ పౌరసత్వం తీసుకున్న రోజున ఇండియా పౌరసత్వం పోతుంది. ఓసీఐ కార్డు ప్రయాణానికి, ఇక్కడ ఆస్తి కొనుక్కోవడానికి పనికొస్తుంది గానీ అది పౌరసత్వం కాదు. ఆ తర్వాత ఇండియా చట్టాన్ని ఎంచుకుంటానంటే కుదరదు. కానీ ఎంపిక చేసుకున్న రోజున గానీ, పోయిన రోజున గానీ ఏ పౌరసత్వం ఉంటే ఆ చట్టం ఎంచుకోవచ్చని నిబంధనలో ఉంది. ఇండియా పాస్‌పోర్టు చేతిలో ఉండగా వీలునామాలో రాసుకుంటే, తర్వాత పాస్‌పోర్టు మారినా ఆ ఎంపిక నిలబడుతుంది. కొత్త పాస్‌పోర్టుకి దరఖాస్తు పెట్టే ముందే ఈ పని చూసుకోమని పిల్లలకు చెప్పండి.

ఆ వీలునామా రెండు చోట్లా చెల్లాలంటే ఇంకో చిన్న సంగతి. జర్మనీలో మొత్తం తన చేత్తో రాసి సంతకం పెట్టుకున్న వీలునామాకు సాక్షులు అక్కర్లేదు. మన చట్టానికి ఇద్దరు సాక్షులు కావాలి. ఇద్దరు సాక్షులు ఉన్నంత మాత్రాన జర్మనీలో అది చెడిపోదు. కాబట్టి ఇద్దరిని పెట్టుకోవడమే మేలు.

సోలాపూర్ ఇల్లు, సేలం షెడ్డు మాట ఏమిటి? ఇండియాలో ఉన్న స్థిరాస్తి విషయంలో మన కోర్టులూ మన రెవెన్యూ ఆఫీసులూ మన చట్టమే చూస్తాయి. మ్యూనిక్ కోర్టు ఏ సర్టిఫికెట్ ఇచ్చినా దాన్ని చూసి ఇక్కడ ఉతారాలో, ఖాతాలో, పట్టాలో పేరు మార్చరు. యూరప్ వారసత్వ సర్టిఫికెట్ అని ఒకటి ఉంది. ఒక సభ్య దేశంలో తీసుకుంటే ఆ నిబంధనలో ఉన్న మిగతా సభ్య దేశాల్లో మళ్ళీ కోర్టుకు పోకుండా వారసుడిగా నిరూపించుకోవచ్చు. దాని నకలు మామూలుగా ఆరు నెలలే చెల్లుతుంది. ఫ్రాన్సులో దాన్ని నోటరీ ఇస్తాడు, జర్మనీలో కోర్టు ఇస్తుంది. చాలా మంచి ఏర్పాటు, కానీ దాని బలం యూనియన్ పొలిమేర వరకే. మన దగ్గర తహసీల్దారు ఇచ్చే వారసత్వ ధ్రువపత్రం, బ్యాంకు డబ్బుకూ షేర్లకూ కోర్టు ఇచ్చే సక్సెషన్ సర్టిఫికెట్ వేరుగా తెచ్చుకోవాల్సిందే. రాష్ట్రాన్ని బట్టి ఆఫీసు మారుతుంది.

ఈ తరహా నోటరీ మన దేశంలో ఎక్కడా లేడని అనుకోకండి. గోవాలో పోర్చుగీసు సివిల్ కోడ్ వారసత్వంగా మిగిలింది. అక్కడ వారసత్వానికి, ప్రత్యేక నోటరీలకు 2012లో చేసిన చట్టం ఉంది. సబ్ రిజిస్ట్రారే ప్రత్యేక నోటరీగా కూర్చుని వారసత్వ పత్రం రాస్తాడు.

యానాం వాళ్ళకు ఇది ఇంకా దగ్గరి విషయం. 1954 దాకా అక్కడ ఫ్రెంచి పాలన. 1956 మే 28న అప్పగింత ఒప్పందం మీద సంతకాలయ్యాయి, 1962 ఆగస్టు 16న అది అమలులోకి వచ్చింది. ఆ ఒప్పందంలో ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకునే అవకాశం ఉండేది. ఎంచుకున్న కుటుంబాల సంతతి ఇవాళ ఫ్రాన్సులో ఉన్నారు, పుదుచ్చేరిలోనూ ఉన్నారు. అంతకు ముందు 1881 సెప్టెంబరు 21 నాటి డిక్రీ ప్రకారం తమ కులాచార చట్టాన్ని వదులుకుని ఫ్రెంచి సివిల్ కోడ్ కిందికి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళని రెనోన్సాంట్లు అంటారు. మీ తాతముత్తాతల్లో ఎవరైనా అలా వెళ్ళారేమో ఇంట్లో పాత కాగితాలు చూడండి, వారసత్వం లెక్కే మారిపోతుంది. ఫ్రెంచి కాలపు జనన, వివాహ, మరణ రిజిస్టర్ల నకళ్ళు ఫ్రాన్సులో ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ ఊళ్ళోని సముద్రాంతర పురావస్తు భాండాగారంలో ఉన్నాయి. యానాం రిజిస్టర్లు కూడా అందులో ఇంటర్నెట్‌లో చూసుకునేలా పెట్టారు. యానాంలో కాపురం ఉంటూ ఫ్రెంచి పాస్‌పోర్టు ఉన్న పెద్దలు ఫ్రెంచి చట్టాన్ని వీలునామాలో ఎంచుకోవచ్చు.

ఫ్రాన్సులో ఆస్తి ఉన్నవాళ్ళు ఇంకో పేచీ తెలుసుకోవాలి. ఫ్రెంచి చట్టంలో పిల్లలకు కొంత వాటా తప్పనిసరి, ఏ వీలునామాతోనూ దాన్ని తీసేయలేరు. మన చట్టంలో స్వార్జితం ఎవరికి కావాలంటే వాళ్ళకి రాయొచ్చు, ఆడపిల్లకి పైసా ఇవ్వకుండా కొడుక్కే అంతా రాసినా అడిగేవాళ్ళు లేరు. మరి ఫ్రాన్సులో ఉన్న మనవాడు ఇండియా చట్టం ఎంచుకుని కూతుర్ని పక్కన పెడితే? 2021 ఆగస్టు 24న ఫ్రాన్సు ఒక చట్టం చేసింది. పోయినవాడు గానీ, అతని పిల్లల్లో ఒకరు గానీ యూరోపియన్ యూనియన్ పౌరుడో నివాసో అయి ఉండి, విదేశీ చట్టంలో పిల్లలకు తప్పనిసరి వాటా లేకపోతే, పక్కన పెట్టిన బిడ్డ ఫ్రాన్సులో ఉన్న ఆస్తి నుంచి ఆ మేరకు రాబట్టుకోవచ్చు. 2021 నవంబరు 1 నుంచి అది అమలులో ఉంది. ఇది 2012 నిబంధనకు విరుద్ధం, చట్టం ఎంచుకునే స్వేచ్ఛను వెనక్కి లాగడమే అని ఫ్రాన్సులోని న్యాయ పండితులు, నోటరీలు కూడా విమర్శించారు. ఆ విమర్శలో బలం ఉంది. అయినా ఆ కూతురి వైపు నుంచి చూస్తే మాకు ఆ చట్టం మీద కోపం రాలేదు, అది కూడా చెప్పాలి.

ఆడబిడ్డల మాట వచ్చింది కాబట్టి హక్కు విడుదల పత్రం సంగతి చెబుతాం. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇస్తూ తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో సవరణలు చేశాయి. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటికీ కేంద్ర సవరణ వచ్చింది. అప్పటి నుంచి ఇల్లు అమ్మాలన్నా, అప్పు తీసుకోవాలన్నా బ్యాంకువాళ్ళు చెల్లెలి సంతకం అడుగుతారు. నెదర్లాండ్స్‌లో ఉన్న చెల్లెలికి అన్నయ్య వాట్సాప్‌లో నాలుగు పేజీలు పంపుతాడు. "ఇది ఫార్మాలిటీ అమ్మా, ప్రింటు తీసి సంతకం పెట్టి స్కాన్ పంపు" అంటాడు. ఆ పేజీల్లో ఉన్నది ఆమె తన హక్కు శాశ్వతంగా వదులుకుంటున్న మాట.

ఆ స్కాన్‌తో పని జరగదు కూడా. స్థిరాస్తి మీద హక్కు వదులుకునే పత్రం రిజిస్టరు కావాలి. ఆమె వచ్చి సంతకం పెట్టాలి, లేదా ఇక్కడ ఒకరికి పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలి. ఇండియా బయట నివసించేవాళ్ళు ఆ పవర్‌ను నోటరీ ఎదుట గానీ, కోర్టు ఎదుట గానీ, భారత కాన్సులేట్‌లో గానీ చేయాలని రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్ చెబుతుంది. అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఈ మూడు నెలల గడువు దాటించి అపరాధ రుసుము కట్టిన కుటుంబాలు చాలా ఉన్నాయి. కొరియర్ కవరు పారేయకండి, ఏ రోజు అందిందో దాని మీదే ఉంటుంది.

అక్కడి నోటరీ దగ్గరికి ఆ చెల్లెలు వెళితే ఆయన ఆ పత్రం ఏమిటని అడగవచ్చు. అన్నయ్యలు దానికి చిరాకు పడకూడదు. ఆమె అడిగి, తెలుసుకుని, ఇష్టపడి వదులుకుంటే అది రేపు కోర్టులో నిలబడుతుంది. లేదా తన వాటా ఉంచుకుంటానంటే అది ఆమె ఇష్టం. కేవలం సంతకం ధ్రువీకరణ మాత్రమే అడిగితే జర్మన్ నోటరీ కూడా లోపలి విషయం చదివి వినిపించనక్కర్లేదు. కాబట్టి అక్కయ్యలూ చెల్లెళ్ళూ, చదివి చెప్పమని మీరే అడగండి.

విదేశీ నోటరీ సంతకాన్ని మనవాళ్ళు, మన సర్టిఫికెట్‌ను వాళ్ళు నమ్మడానికి అపోస్టిల్ అనే ముద్ర ఉంది. 1961 అక్టోబరు 5 నాటి హేగ్ ఒప్పందం నుంచి వచ్చింది. 2005 జులై 14 నుంచి ఇండియాకు అమలులో ఉంది, ఇక్కడ విదేశాంగ శాఖ వేస్తుంది. అయితే ఇండియా చేరినప్పుడు జర్మనీ అభ్యంతరం చెప్పింది. అభ్యంతరం చెప్పిన దేశంతో అపోస్టిల్ నడవదు. అందుకని జర్మనీలో ఉన్నవాళ్ళు పవర్ ఆఫ్ అటార్నీ కోసం అక్కడి భారత కాన్సులేట్‌కే వెళ్ళడం మంచిది. ఫ్రాన్సు, నెదర్లాండ్స్ వంటి చోట్ల నోటరీ సంతకం, దాని మీద అపోస్టిల్ సరిపోతుంది. యూనియన్ దేశాల మధ్య జనన, వివాహ పత్రాలకు 2019 ఫిబ్రవరి 16 నుంచి అపోస్టిల్ కూడా అక్కర్లేకుండా చేసుకున్నారు. ఆ సౌకర్యం మన పత్రాలకు లేదు.

ఇల్లు కొనడానికి ఇక్కణ్ణుంచి డబ్బు పంపే తండ్రులకు ఒక మాట. అక్కడి నోటరీ ఈ డబ్బు ఎక్కడిది అని అడుగుతాడు. అవమానం అనుకోకండి. నల్లధనం అరికట్టే యూరప్ నియమాల్లో బ్యాంకులతో పాటు నోటరీల మీదా ఆ బాధ్యత పెట్టారు. 2024లో చేసిన కొత్త నిబంధన 2027 జులై 10 నుంచి అమలవుతుంది. పవర్‌లూమ్ షెడ్డు అమ్మి సగం చెక్కు, సగం చేతికి తీసుకుంటే ఆ చేతి సగం ఆమ్‌స్టర్‌డామ్ నోటరీ దగ్గర లెక్కకు రాదు. అమ్మకం దస్తావేజు, బ్యాంకు స్టేట్‌మెంటు, పన్ను కట్టిన రశీదు దాచుకోండి.

ఆన్‌లైన్‌లో అయిపోదా అని యువకులు అడుగుతున్నారు. 2019లో యూనియన్ చేసిన ఆదేశం ప్రకారం కంపెనీ పెట్టడం ఆన్‌లైన్‌లో సాధ్యం కావాలి. జర్మనీ 2022 ఆగస్టు 1 నుంచి వీడియోలో నోటరీ ముందు హాజరై చిన్న కంపెనీ పెట్టుకునే వీలు కల్పించింది. చీరల వ్యాపారం అక్కడ పెట్టాలనుకునే పిల్లలకు ఇది ఉపయోగం. ఇల్లు కొనడం, వీలునామా మాత్రం జర్మనీలో ఇంకా ఎదురుగా కూర్చుని చేయాల్సినవే.

చివరిగా పేర్ల సంగతి, మా దగ్గర ఎక్కువ కాలం తినేది ఇదే. ఒకే ఇంటివాళ్ళు సోలాపూర్‌లో తన పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు వరుసలో రాస్తారు. సేలం వెళ్ళిన తమ్ముడి పిల్లలు ఇంటిపేరు వదిలేసి తండ్రి పేరు పొడి అక్షరం పెట్టుకుంటారు. బరంపురంలో ఒడియా అక్షరాల్లో రాసిన ఇంటిపేరు ఇంగ్లీషులోకి వచ్చేసరికి మారిపోతుంది. మనకి అందరూ ఒక ఇంటివాళ్ళే. యూరప్ నోటరీకి వాళ్ళు ముగ్గురు వేరు వేరు మనుషులు. జనన పత్రం, పాస్‌పోర్టు, పదో తరగతి సర్టిఫికెట్, పెళ్ళి రిజిస్ట్రేషన్ నాలుగూ పక్కపక్కన పెట్టి పేరు, అక్షరాలు, పుట్టిన తేదీ సరిచూసుకోండి. తేడా ఉంటే పిల్ల విమానం ఎక్కకముందే సరిచేయించండి.

మధ్యాహ్నం భోజనాల తర్వాత మా విభాగం వెనక హాల్లో కూర్చుంటుంది. అసలు పత్రాలు తేవద్దు, నకళ్ళు చాలు. విదేశంలో ఉన్న పిల్లలతో ఫోన్లో మాట్లాడించాలనుకునేవాళ్ళు అక్కడి వేళ చూసుకుని రండి. వేసవిలో జర్మనీ మనకంటే మూడున్నర గంటలు వెనక, చలికాలంలో నాలుగున్నర.